డెక్ కట్టించే ముందు: పలకల కింద ఏముందో చూపించే కాంట్రాక్టరును ఎంచుకోవడం

మన ఊళ్ళో ఇంటికి అరుగు, పెరడు, డాబా ఉన్నట్టే అమెరికాలో చెక్క చట్రం మీద లేచిన ఇళ్ళకు వెనుకవైపు డెక్ ఉంటుంది. వంటగది పక్కనున్న అద్దాల తలుపు తీసి అడుగు బయట పెడితే, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, ఒకవైపు గుంజల మీద ఆని, మరోవైపు ఇంటి గోడను పట్టుకొని నిలిచిన చెక్క వేదిక అది. వేసవి మొదలైతే ఇక్కడి తెలుగు కుటుంబాల ఇంటి జీవితంలో సగం దాని మీదే గడుస్తుంది. తులసి కుండీ అక్కడే ఉంటుంది, ఇండియా నుంచి వచ్చిన అమ్మ మామిడికాయ ముక్కలు అక్కడే ఆరబెడుతుంది, సత్యనారాయణ వ్రతం ముగిశాక నలభై మంది ప్లేట్లు పట్టుకొని అక్కడికే చేరుతారు. డాబా మీదికి ఎంతమంది ఎక్కుతున్నారో మనం ఎన్నడూ లెక్కపెట్టి ఎరగము కాబట్టి డెక్ విషయంలోనూ లెక్కపెట్టము. కాని సిమెంటు స్లాబుకు, డెక్‌కు పోలిక లేదు. బోల్టులు, మేకులు, దూలాల చివరలను పట్టి ఉంచే లోహపు హ్యాంగర్లు పట్టు విడవనంత వరకే డెక్ నిలుస్తుంది. అవన్నీ పైన పరిచిన అందమైన పలకల చాటున ఉంటాయి.

న్యూజెర్సీలో మేము మొదట కొన్న ఇంటికి డెక్ కట్టించినప్పుడు మూడు అంచనాలు తెప్పించుకొని, అన్నిటికన్నా తక్కువ చెప్పినవారికి, పలకల రంగు నచ్చిందన్న ధీమాతో పని అప్పగించాము. నాలుగో చలికాలం దాటాక బేస్‌మెంట్‌లో ఆ గోడ వైపు కార్పెట్ కాలికి తడిగా తగిలింది. గోడకు బయట తొడిగే సైడింగ్ పొర విప్పించి చూస్తే, ఇంటి గోడకు బిగించి డెక్ భారంలో సగం మోసే లెడ్జర్ బోర్డును సైడింగ్ మీదనే పెట్టి, బోల్టులకు బదులు మేకులు కొట్టారని, నీరు గోడలోకి దిగకుండా వేయవలసిన ఫ్లాషింగ్ రేకు అసలు వేయనే లేదని తేలింది. దాని వెనుకనున్న ఇంటి రిమ్ జాయిస్టును, అంటే నేల చట్రపు అంచు దూలాన్ని, వేలితో నొక్కితే తడిసిన ఊకలా రాలింది. అంతకు వారం ముందే మా అబ్బాయి పుట్టినరోజుకు పాతిక మంది ఆ డెక్ మీద నిలబడ్డారు.

ఇలాంటి లోపం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2003 జూన్ 29న షికాగోలోని లింకన్ పార్కు ప్రాంతంలో జనం కిక్కిరిసిన చెక్క వరండాలు ఒకదాని మీద ఒకటి కూలి 13 మంది చనిపోయారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో నీరు పట్టి లోపల కుళ్ళిన బాల్కనీ విరిగి ఆరుగురు చనిపోయారు. బయటికి కనిపించే పలకల్లో ఏ తేడా లేకపోయినా లోపల కలప పుచ్చిపోవచ్చు. అందువల్ల డెక్ పనికి కాంట్రాక్టరును ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడు ఒకటే చూస్తాను: పలకలు పరిచాక కప్పబడిపోయే భాగాలను మాటలో, కాగితంలో, పనిలో దాచకుండా చూపించడానికి ఆయన సిద్ధంగా ఉన్నారా, లేదా? ఈ వ్యాసంలో చెప్పే మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

ఎవరినీ పిలవకముందు మీ ఇంటిని మీరు చూసుకోండి

ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో సర్వే ప్లాట్ అనే స్థలం పటం ఉంటుంది. అందులో స్థలం సరిహద్దులు, సరిహద్దు నుంచి ఎంత దూరం వదలాలో, డ్రైనేజీకో విద్యుత్ సంస్థకో వాడుకోవడానికి వదిలిన ఈజ్‌మెంట్ అనే స్థలం ఎక్కడుందో గుర్తించి ఉంటాయి. ఈజ్‌మెంట్ మీద కట్టిన డెక్‌ను విప్పమని అడిగే హక్కు ఆ సంస్థకు ఉంటుంది. మీ కాలనీకి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, ఉంటే నమూనా, రంగు, ఎత్తు చూపుతూ ఆర్కిటెక్చరల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. కమిటీ అనుమతి వేరు, నగరం లేదా కౌంటీ ఇచ్చే పర్మిట్ వేరు. ఒకటి వచ్చింది కదా అని రెండోది మానడానికి లేదు.

ఇంటి గోడ ఏ రకమో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. డాలస్, హ్యూస్టన్ శివార్లలో మనవాళ్ళు కొనే ఇళ్ళలో చాలావాటికి బయట ఇటుక కనిపిస్తుంది. ఆ ఇటుక ఇంటిని మోసే గోడ కాదు, చెక్క చట్రానికి ముందు నిలబెట్టిన పొర మాత్రమే. దానికి లెడ్జర్ బోర్డు బిగించి డెక్‌ను వేలాడదీయకూడదు. అటువంటి ఇంటికి అన్ని వైపులా తన గుంజల మీద తానే నిలిచే డెక్ కట్టాలి. వర్జీనియా, న్యూజెర్సీ ఇళ్ళలో వంటగది దగ్గర గోడ ఒకటి రెండు అడుగులు బయటికి పొడుచుకొని, కింద ఆధారం లేకుండా గాలిలో ఉన్న చోట్ల కూడా ఇదే చిక్కు వస్తుంది. కాంట్రాక్టరు మొదటిసారి వచ్చినప్పుడు, “ఈ గోడకు డెక్‌ను ఎలా కలుపుతారు?” అని అడిగి చూడండి. ఇటుక గోడ ముందు నిలబడి “లాగ్ బోల్టులు దిగేస్తాము” అని తడుముకోకుండా చెప్పేవారితో సంభాషణ అక్కడితో ముగించవచ్చు.

తరవాత, ఆ డెక్ మీద ఏం చేయదలచుకున్నారో రాసిపెట్టుకోండి. ఇంటి డెక్‌ను సాధారణంగా చదరపు అడుగుకు 40 పౌండ్ల భారానికి లెక్కగడతారు, డెక్ సొంత బరువు దానికి అదనం. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న డెక్ 192 చదరపు అడుగులు అవుతుంది కాబట్టి అది 7,680 పౌండ్లు మోయాలి. మనిషికి 160 పౌండ్లు చొప్పున నలభై మంది 6,400 పౌండ్లు. వారికి బల్లలు, గ్రిల్లు, పాత్రలు కలిపితే మన విందు ఒక్కటే ఆ హద్దు దాకా వెళుతుందన్నమాట. అందరూ ఫొటో కోసం ఒకే వైపు చేరితే ఆ మూల మీద పడే భారం ఇంకా ఎక్కువ. హాట్ టబ్ పెట్టే ఉద్దేశం ఉంటే మొదటి రోజే చెప్పండి: ఏడడుగుల చదరంలో నీళ్ళు, మనుషులతో నిండిన టబ్బు సుమారు 5,000 పౌండ్లు తూగుతుంది, అంటే చదరపు అడుగుకు 100 పౌండ్లు దాటుతుంది. దానికి దూలాలు, పునాదులు వేరుగా లెక్కించాలి.

అమ్మానాన్నలు ఏటా వచ్చి ఆరు నెలలు ఉండే ఇల్లయితే మెట్ల గురించి ప్రత్యేకంగా ఆలోచించండి. అమెరికాలో చాలా ఊళ్ళు అనుసరించే నివాస నిర్మాణ నియమావళి, అంటే ఐఆర్‌సీ, మెట్టు ఎత్తు ఏడు ముప్పావు అంగుళాలు మించకూడదంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి అది కూడా ఎక్కువే. స్థలం ఉంటే ఆరున్నర అంగుళాల మెట్లు అడగండి, రెండు వైపులా చేతికి ఇమిడే పట్టుకమ్మీ అడగండి. చాలా చోట్ల ఒకవైపు కమ్మీతో నియమం తీరిపోతుంది కాబట్టి అడగకపోతే రెండోది రాదు.

మనిషిని వెతకడం

మన వాట్సాప్ గ్రూపుల్లో “డెక్ వేసేవాళ్ళెవరైనా ఉన్నారా” అని అడిగితే పది నిమిషాల్లో ఐదు ఫోన్ నంబర్లు వస్తాయి. ఆ సలహాలు విలువైనవే, కాని చెప్పినవారి డెక్ ఎన్నేళ్ళదో తప్పక అడగండి. పోయిన నెల పూర్తయిన డెక్ ఎవరిదైనా బాగానే ఉంటుంది. కనీసం మూడు చలికాలాలు చూసిన డెక్ దగ్గరికి వెళ్ళి, ఇంటివాళ్ళ అనుమతితో, చేతిలో టార్చితో కిందికి వంగి చూడండి. గుంజలు నిటారుగా ఉన్నాయా, ఇంటిని ఆనుకున్న చోట నీటి చారలు ఉన్నాయా, హ్యాంగర్ల మీద ఎర్ర తుప్పు కనిపిస్తున్నదా, కమ్మీని రెండు చేతులతో ఊపితే కదులుతున్నదా, ఇవి చూడటానికి ఇంజనీరు కానవసరం లేదు. తాను కట్టిన పాత డెక్‌లు చూపడానికి వెంటనే మూడు చిరునామాలు ఇచ్చే కాంట్రాక్టరు మీద నాకు కలిగే నమ్మకం, ఫోన్‌లో యాభై ఫొటోలు చూపించేవారి మీద కలగదు.

చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఏప్రిల్ నెలలో అందరూ ఒకేసారి కాంట్రాక్టర్ల కోసం పరుగులు పెడతారు. డిసెంబరు, జనవరి నెలల్లో మాట్లాడుకుంటే వారికి తీరిక ఉంటుంది, మీ ప్రశ్నలకు కూర్చొని జవాబు చెబుతారు, నేల కరగగానే మొదలయ్యే పనుల వరుసలో మీ పేరు ముందుంటుంది.

పేర్లు దొరికాక లైసెన్స్ చూడాలి. ఈ విషయంలో అమెరికా అంతటికీ ఒకే నియమం లేదు. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు వెబ్‌సైట్‌లో నంబరు కొడితే లైసెన్స్ చెల్లుతున్నదో లేదో, బాండ్ ఉన్నదో లేదో వెంటనే తెలుస్తుంది. న్యూజెర్సీలో ఇంటి మరమ్మతు కాంట్రాక్టర్లకు 13వీహెచ్ అనే అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది వారి ఒప్పందం మీద, వ్యాను మీద కూడా రాసి ఉండాలి. మేరీల్యాండ్‌లో హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కమిషన్ లైసెన్స్ ఇస్తుంది, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు మోసం చేస్తే నష్టపోయినవారు పరిహారం కోరడానికి ఒక నిధి కూడా ఉంది. లైసెన్స్ లేనివారికి పని ఇస్తే ఆ నిధి వర్తించదు. టెక్సాస్‌లో మాత్రం సాధారణ నిర్మాణ కాంట్రాక్టర్లకు రాష్ట్ర స్థాయి లైసెన్స్ లేదు. కాబట్టి “మాకు స్టేట్ లైసెన్స్ ఉంది” అని అక్కడ ఎవరైనా డెక్ పని గురించి చెబితే ఏ లైసెన్సో నిలదీసి అడగాలి, నగరంలో నమోదు, బీమా, పాత పనులు మరింత జాగ్రత్తగా పరిశీలించాలి.

బీమా పత్రం అడిగినప్పుడు కాంట్రాక్టరు తన ఫోన్‌లోని ఫొటో పంపితే సరిపెట్టుకోవద్దు. పనిలో జరిగే నష్టాలకు జనరల్ లయబిలిటీ, గాయపడే పనివారికి వర్కర్స్ కాంపెన్సేషన్ రెండింటికీ సర్టిఫికెట్ ఆయన బీమా ఏజెంటు నుంచి నేరుగా మీ ఈమెయిల్‌కు రావాలి. ఇది అందరూ రోజూ చేసే పని, ఏజెంటుకు ఐదు నిమిషాలు పడుతుంది. రెండో బీమా లేని పక్షంలో, మీ పెరట్లో నిచ్చెన మీద నుంచి పడిన కుర్రవాడి వైద్య ఖర్చు మీ ఇంటి బీమా మీదికీ, మీ మీదికీ రావచ్చు. అటువంటి ప్రమాదం జరిగితే డబ్బు సంగతి అటుంచి, ఆ కుర్రవాడికి వైద్యం అందే దారి ముందే ఉండాలని కోరుకోవడం కూడా మన బాధ్యతే.

ముగ్గురి అంచనాలు ఒకే డెక్‌కు ఉండాలి

మేము మొదటిసారి చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. ముగ్గురినీ పిలిచి “ఇక్కడ డెక్ కావాలి” అని చూపించాము, ముగ్గురూ మూడు వేర్వేరు డెక్‌లను ఊహించుకొని మూడు మొత్తాలు చెప్పారు, మేము ఆ మొత్తాలను పోల్చాము. రెండోసారి ఒక పేజీ కాగితం తయారుచేసి అందరికీ అదే ఇచ్చాము. దాని మీద పొడవు, వెడల్పు, నేల నుంచి ఎత్తు, మెట్ల సంఖ్య ఉన్నాయి. అవి అందరూ రాస్తారు. అసలు తేడా వాటి తరవాతి పంక్తుల్లో వచ్చింది.

గుంజలు నాలుగంగుళాల చదరమా, ఆరంగుళాల చదరమా అన్నది రాయాలి. ఎత్తు ఉన్న డెక్‌కు ఆరంగుళాలవే అడగండి. పునాది గుంత ఎంత లోతో రాయాలి. చలి ప్రాంతాల్లో నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బి, లోతు చాలని పునాదిని పైకి ఎత్తేస్తుంది, అందుకే గడ్డకట్టే లోతుకన్నా కిందికి తవ్వాలి. షికాగోలో అది 42 అంగుళాలు, మిన్నెసోటా ఉత్తర భాగంలో 60 అంగుళాలు. డాలస్ వైపు గడ్డకట్టే బెడద తక్కువ, కాని అక్కడి బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి పునాది గురించి అక్కడి అనుభవం ఉన్నవారే చెప్పాలి. లెడ్జర్ బోర్డు ఉంటే, సైడింగ్ తీసి గోడ చట్రానికే అర అంగుళం మందపు బోల్టులతో లేదా లాగ్ స్క్రూలతో, వాషర్లు వేసి, నియమావళి చెప్పిన దూరాల్లో బిగిస్తామని, దాని మీద ఫ్లాషింగ్ వేస్తామని అక్షరాలా ఉండాలి. “కోడ్ ప్రకారం కడతాము” అనే ఒక్క వాక్యం సరిపోదు.

పలకలను మోసే అడ్డ దూలాలైన జాయిస్టుల మధ్య దూరం కూడా రాయించండి. ప్లాస్టిక్, చెక్క పొడి కలిపి చేసే కాంపోజిట్ పలకలకు సాధారణంగా 16 అంగుళాలు మించకూడదు, పలకలు ఐమూలగా పరిస్తే 12 అంగుళాలు కావాలి. ఈ దూరం పెంచి జాయిస్టులు తగ్గిస్తే కాంట్రాక్టరుకు కలప మిగులుతుంది, మీకు రెండు వేసవుల్లో పలకలు కుంగుతాయి. పుచ్చకుండా రసాయనం ఎక్కించిన ప్రెజర్ ట్రీటెడ్ కలపలో ఇప్పుడు రాగి లవణాలు వాడుతున్నారు. ఆర్సెనిక్ ఉన్న పాత రకం రసాయనాన్ని 2003 చివరితో ఇళ్ళ పనుల నుంచి తప్పించాక వచ్చిన మార్పు ఇది. ఆ రాగి మామూలు మేకులను తినేస్తుంది. కాబట్టి హ్యాంగర్లు, మేకులు, బోల్టులు అన్నీ కరిగిన జింకులో ముంచిన హాట్ డిప్ గాల్వనైజ్డ్ రకం గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని అయి ఉండాలని అంచనాలో కనిపించాలి.

పలకల సంగతి నేను త్వరగా దాటేస్తాను, ఎందుకంటే అమ్మేవారందరూ దాని గురించే మాట్లాడతారు. ట్రీటెడ్ పైన్ చవక, కాని రెండు మూడేళ్ళకొకసారి రంగో సీలరో వేయాలి. ట్రెక్స్, టింబర్‌టెక్ వంటి కాంపోజిట్ రకాలు ఖరీదు, వాటికి పోషణ తక్కువ. ముదురు రంగు కాంపోజిట్ మండుటెండలో చెప్పులు లేని పాదాన్ని చుర్రుమనిపిస్తుంది. మనం ఇంట్లోంచి చెప్పులు లేకుండానే బయటికి వస్తాము కాబట్టి నమూనా పలకను ఒక మధ్యాహ్నం ఎండలో పెట్టి, పాదం ఆనించి చూసి ఎంచుకోండి.

కమ్మీల గురించి మాత్రం ఆగి చదవండి. నేల నుంచి 30 అంగుళాల కన్నా ఎత్తున్న డెక్‌కు రక్షణ కమ్మీ తప్పనిసరి. దాని ఎత్తు కనీసం 36 అంగుళాలు ఉండాలి, కొన్ని చోట్ల 42 అడుగుతారు. కమ్మీల సందులోంచి నాలుగంగుళాల బంతి దూరకూడదన్న నియమం పాకే పిల్లల తల కోసం పెట్టినది. కమ్మీ గుంజను జాయిస్టుకు ఎలా బిగిస్తారో అడగండి. రెండు స్క్రూలతో అతికించిన గుంజ మొదటి ఏడాది గట్టిగానే ఉంటుంది, తరవాత వదులవుతుంది. పెద్దలు దాని మీద చేతులు ఆనించి కబుర్లు చెప్పుకుంటారు కాబట్టి బోల్టులు, లోహపు బ్రాకెట్లు అక్కడ ఉండి తీరాలి.

ఇంత వివరంగా కాగితం ఇచ్చాక మా ముగ్గురిలో ఒకరు మళ్ళీ ఫోన్ చేయలేదు. ఒకరు మొత్తం చెప్పి ఊరుకున్నారు. మూడో ఆయన వచ్చి, మా కాగితంలో గుంజల మధ్య దూరం తప్పుగా రాశామని, ఆ దూలం అంత దూరానికి చాలదని పెన్సిలుతో గీసి చూపించారు. పని ఆయనకే ఇచ్చాము. ఆయన మొత్తం మధ్యస్థంగా ఉంది.

పర్మిట్ మీ పేరున తీసుకోమంటే

“పర్మిట్ అక్కర్లేదు, పన్ను పెరుగుతుంది” అనే మాట మన వాళ్ళ మధ్య కూడా వినిపిస్తుంది. ఇంటిని ఆనుకోకుండా, నేలకు బాగా దగ్గరగా ఉన్న చిన్న వేదికలకు చాలా ఊళ్ళలో మినహాయింపు ఉంటుంది. తలుపును ఆనుకొని ఎత్తున కట్టే డెక్‌కు మాత్రం పర్మిట్ కావాలి. డెక్ వల్ల ఇంటి విలువ అంచనా పెరిగి పన్ను కొంత పెరిగితే పెరగవచ్చు. కాని పర్మిట్ రుసుముకు బదులుగా, మీ నుంచి గాని కాంట్రాక్టరు నుంచి గాని లాభం ఆశించని ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి పునాది గుంత లోతు కొలిచి, బోల్టులు చూసి సంతకం పెడతారు. ఇంటికి దీనికన్నా చవకైన రక్షణ లేదని నా దృఢమైన అభిప్రాయం. పైగా ఇల్లు అమ్మే రోజున పర్మిట్ లేని డెక్ బయటపడితే కొనేవారు ధర తగ్గించమంటారు, లేదా విప్పి చూపమంటారు.

పర్మిట్‌ను కాంట్రాక్టరే తన పేరున తీసుకోవాలి. ఇంటి యజమానిగా మీరే తీసుకుంటే చాలా చోట్ల ఆ పని బాధ్యత మీదే అవుతుంది. మీ పేరున తీసుకోమని అడిగేవారికి లైసెన్స్ లేకపోవడమో, ఆ కార్యాలయంలో పాత తగాదా ఉండడమో కారణమై ఉండవచ్చు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ వంటి చోట్ల డెక్‌ల ప్రామాణిక చిత్రాలను ప్రజల కోసం ముందే ప్రచురించి ఉంచారు. మీ కౌంటీలో అటువంటివి ఉంటే ఒకసారి తిరగేయండి, కాంట్రాక్టరు మాట్లాడే భాష సగం అర్థమవుతుంది.

ఒప్పందం, డబ్బు

ఒప్పందం మీద కాంట్రాక్టరు పూర్తి పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, పని మొదలు పెట్టే తేదీ, ముగించే తేదీ, మీరు ఇచ్చిన వివరాల కాగితం, గీసిన నమూనా అన్నీ జతపడాలి. మధ్యలో ఏ మార్పు వచ్చినా, పని ఆగిన చోట మాటల్లో ఒప్పుకోకుండా, ధరతో సహా చేంజ్ ఆర్డర్ రాసి ఇద్దరూ సంతకం చేశాకే ముందుకు కదలాలి. “చూద్దాం లెండి సార్” అన్న మర్యాద మాటలు చివరి బిల్లులో వేల డాలర్లుగా తేలడం నేను చూశాను.

ముందుగా ఇచ్చే డబ్బు మీద కొన్ని రాష్ట్రాలు హద్దు పెట్టాయి. కాలిఫోర్నియాలో ఒప్పందం మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి అడ్వాన్సు అడగకూడదు. మేరీల్యాండ్‌లో మూడో వంతు దాటకూడదు. హద్దు లేని చోట కూడా సగం డబ్బు ముందే ఇవ్వడం మంచిది కాదు. 20,000 డాలర్ల పని అనుకుంటే, సంతకం రోజున 2,000, కలప మీ ఇంటికి చేరాక 6,000, చట్రం ఇన్‌స్పెక్షన్ గట్టెక్కాక 6,000, పలకలు, కమ్మీలు పూర్తయ్యాక 4,000, చివరి ఇన్‌స్పెక్షన్ అయ్యాక 2,000 అని విడదీయవచ్చు. చెల్లింపు తేదీలకు ముడిపడకూడదు, పూర్తయిన పనికి ముడిపడాలి. నగదు ఇవ్వకండి. రద్దు విషయంలో ఫెడరల్ కూలింగ్ ఆఫ్ నియమం ఒకటి ఉంది. మీ ఇంట్లో కూర్చొని కుదుర్చుకున్న అమ్మకాలను, కొన్ని మినహాయింపులతో, మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు అది ఇస్తుంది. ఆ లెక్కలో శనివారం పనిదినమే, ఆదివారం కాదు.

మనవాళ్ళకు అంతగా పరిచయం లేని ఇంకొకటి మెకానిక్స్ లీన్, అంటే బాకీ కోసం ఇంటి మీద పెట్టే చట్టపరమైన హక్కు. మీరు కాంట్రాక్టరుకు చివరి పైసా వరకు ఇచ్చినా, ఆయన కలప దుకాణానికో, కింద పనిచేసిన జట్టుకో బాకీ పడితే వారు మీ ఇంటి మీద లీన్ వేయగలరు. అందుకని ప్రతి విడత చెల్లింపుకూ కాంట్రాక్టరు నుంచి, సరఫరాదారు నుంచి, సబ్ కాంట్రాక్టర్ల నుంచి ఆ హక్కును వదులుకున్నట్టు రాసిచ్చే లీన్ వేవర్ అనే కాగితం తీసుకోవాలి. అడిగితే ఆశ్చర్యపోయే కాంట్రాక్టరు ఈ వృత్తికి కొత్తవారు అనుకోవచ్చు.

పని జరిగే రోజుల్లో

తవ్వకానికి కొన్ని రోజుల ముందు 811కు ఫోన్ చేయాలి. అది దేశమంతటా ఉచితం. ఆయా సంస్థల వారు వచ్చి భూమిలోని లైన్లను రంగులతో గుర్తించి వెళతారు: గ్యాసుకు పసుపు, కరెంటుకు ఎరుపు, నీటికి నీలం. ఆ ఫోన్ చేయడం సాధారణంగా తవ్వేవారి బాధ్యత, అయినా గడ్డి మీద రంగులు కనిపించేదాకా గడ్డపార దిగనివ్వకండి. పాత యజమాని వేయించిన స్ప్రింక్లర్ పైపుల వంటి సొంత లైన్లను వారు గుర్తించరు, అవి మీరే చెప్పాలి.

మా రెండో డెక్ పనిలో నాకు బాగా గుర్తున్నది పునాదుల ఉదయం. ఆరు గుంతలు తవ్వి, కాంక్రీటు పోయకుండా ఆపి ఉంచారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి మడత కొలబద్దను ఒక్కొక్క గుంతలోకి దింపారు. అయిదు బాగున్నాయి. ఆరోదానిలో అడుగున వదులు మట్టి రాలి నాలుగంగుళాలు లోతు తగ్గింది. జట్టులోని కుర్రవాడు విసుక్కోకుండా పారతో మళ్ళీ దిగాడు. కాంట్రాక్టరు ఆ గుంతను తన ఫోన్‌తో ఫొటో తీసి, “మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి” అని నాకు పంపారు. ఆ ఒక్క పనితో ఆయన మీద మా ఇంటిల్లిపాదికీ నమ్మకం కుదిరింది.

చట్రం పూర్తయి పలకలు పరచకముందు మీరు ఒక గంట తీరిక చేసుకోండి. వీలైతే ఆ రోజు ఇంటి నుంచే ఆఫీసు పని పెట్టుకోండి. లెడ్జర్ మీద ఫ్లాషింగ్ గోడ పొర వెనుకకు వెళ్ళిందా, బోల్టుల కింద వాషర్లు ఉన్నాయా, ప్రతి హ్యాంగరు రంధ్రాల్లోనూ మేకులు పడ్డాయా అని చూడండి. ఎనిమిది రంధ్రాలుండి నాలుగు మేకులే ఉంటే, లేదా మేకులకు బదులు నల్లని డ్రైవాల్ స్క్రూలు కనిపిస్తే, పనివారితో వాదించకుండా కాంట్రాక్టరుకే మర్యాదగా చెప్పండి. డ్రైవాల్ స్క్రూ అడ్డంగా పడే బరువుకు పుటుక్కున విరుగుతుంది. దూలం గుంజ మీద కూర్చున్నదా, లేక గుంజ పక్కన బోల్టుతో వేలాడుతున్నదా అన్నది కూడా ఆ గంటలోనే తెలుస్తుంది. గుంజ నెత్తిన కూర్చోవడమే సరైన పద్ధతి. కనిపించిన ప్రతిదాన్నీ ఫొటో తీయండి.

పనివారికి నీళ్ళు, మజ్జిగ, టీ ఇవ్వడం మన ఇళ్ళలో ఎవరూ చెప్పనక్కరలేని మర్యాద, అది కొనసాగించండి. ఆ మర్యాదకూ ఇన్‌స్పెక్షన్ కార్డు మీద సంతకం పడకముందు చెక్కు రాయకపోవడానికీ వైరుధ్యం లేదు.

చివరి రోజున మెట్లన్నీ ఎక్కి దిగండి, ఒక్క మెట్టు ఎత్తు తేడాగా ఉన్నా కాలికి తెలుస్తుంది. కమ్మీని నాలుగు చోట్ల గట్టిగా తోయండి. మిగిలిపోయిన చిన్న పనులు రాసి ఇద్దరూ సంతకం చేసి, అవి ముగిశాకే ఆఖరి విడత ఇవ్వండి. పలకల కంపెనీ ఇచ్చే వారంటీ పలకకు మాత్రమే, దాన్ని మీ పేరున నమోదు చేయించాలి. పనితనానికి కాంట్రాక్టరు వేరుగా రాసి ఇవ్వాలి, అది ఎన్నేళ్ళో ఒప్పందంలోనే ఉండాలి. పర్మిట్ ముగింపు పత్రం, లీన్ వేవర్లు, బీమా సర్టిఫికెట్లు, పునాది గుంతల నుంచి ఫ్లాషింగ్ దాకా తీసిన ఫొటోలు ఒకే ఫైలులో పెట్టి ఇంటి కాగితాలతో కలిపి దాచండి. మొదటి చలికాలం దాటిన తరవాత, మంచు కరిగిన ఒక ఆదివారం ఆ ఫైలు, టార్చి పట్టుకొని డెక్ కిందికి వెళ్ళి, అప్పటి ఫొటోల పక్కన పెట్టి లెడ్జర్‌ను, గుంజల అడుగులను ఒకసారి చూసుకోండి. ఏదైనా కదిలినట్టు, తడిసినట్టు అనిపిస్తే పనితనం వారంటీ నడుస్తుండగానే కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి.